బస్తర్‌లో ఎవరి భాష ఎవరు నేర్చుకోవాలి?

దంతెవాడ దంతేశ్వరి గుడిలో 1703 నాటి శాసనం ఒకటి ఉంది. బస్తర్ రాజు దిక్పాలదేవుడి కాలంలో వేయించినది. ఒక రాతి మీద సంస్కృతం, ఇంకో రాతి మీద అదే సంగతి అప్పటి వాడుక భాషలో. కలియుగంలో సంస్కృతం చదవగలిగేవాళ్లు తక్కువ కాబట్టి రెండోది రాయించామని ఆ రాయే కారణం చెబుతుంది. రాసినవాడు రాజగురువు, మైథిల పండితుడు భగవాన్ మిశ్రా. ఛత్తీస్‌గఢీ భాషకు దొరికిన తొలి లిఖిత నమూనాల్లో దీన్ని ఒకటిగా లెక్కిస్తారు. ఓరుగల్లు నుంచి వచ్చిన అన్నమరాజు సంతతి తామని రాజులు చాటుకున్నదీ ఇందులోనే. కాకపోతే గుడి చుట్టూ ఊళ్లలో జనం మాట్లాడే గోండీ ఆ రెండు రాళ్లలో దేనిమీదా లేదు.

పెద్దయ్యాక కొత్త భాష వస్తుందా అన్న ప్రశ్న పట్నంలో వేరు, బస్తర్‌లో వేరు. పట్నంలో అది ఫోన్లో యాప్ పెట్టుకుని ఫ్రెంచో జర్మనో మొదలుపెట్టినవాళ్ల ప్రశ్న. వస్తే సంతోషం, రాకపోతే నష్టమేమీ లేదు. బస్తర్‌లో భాష రాకపోతే జ్వరం ఎన్నాళ్ల నుంచో నర్సుకు చెప్పుకోలేరు, తూకంలో మోసం జరిగితే అడగలేరు, కోర్టులో తన మీద ఎవరేం చెప్పారో తెలుసుకోలేరు. అందుకే అక్కడ ఈ ప్రశ్నకు రెండో సగం ఉంది: నేర్చుకోవాల్సింది ఎవరు? పరిశోధకులు మొదటి సగం మీద అరవై ఏళ్లుగా వాదించుకుంటున్నారు. రెండో సగాన్ని మాత్రం అడిగినవాళ్లు తక్కువ. రెంటినీ కలిపి చూడటమే ఈ సమీక్ష ఉద్దేశం.

సంతే బడి

ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ డివిజన్‌లో ఇప్పుడు ఏడు జిల్లాలు: కాంకేర్, కొండగావ్, నారాయణపూర్, బస్తర్, దంతెవాడ, బీజాపూర్, సుక్మా. గోండీ ఇక్కడ ఒక్క రూపంలో లేదు. ఉత్తరాన మురియాల మాట ఒక తీరు, దంతెవాడ వైపు దండామి మాడియాలది ఇంకో తీరు, అబూజ్‌మాడ్ కొండల్లో మరో తీరు. కోంటా వైపు దోర్లాల మాట మన భద్రాచలం కోయకు దగ్గర. జగదల్‌పూర్‌కు దక్షిణాన ధుర్వాలు మాట్లాడే పర్జీ కూడా ద్రావిడ భాషే. తూర్పున ఒడియాకు దగ్గరైన భత్రీ ఉంది. దక్షిణాన భోపాలపట్నం, కోంటా ప్రాంతాల్లో తెలుగూ ఉంది. అది నిన్నమొన్నటి రాక కాదు. బార్సూరులో దొరికిన 11వ శతాబ్దపు నాగవంశీయుల శాసనాల్లో తెలుగువీ ఉన్నాయి.

ఇన్ని భాషల మధ్య వారధిగా నిలిచింది హల్బీ. మరాఠీ, ఒడియా, ఛత్తీస్‌గఢీ పోలికలు మూడూ కలిసిన భాష అది. గ్రియర్సన్ భాషా సర్వే 1905లో దాన్ని మరాఠీ సంపుటంలో చేర్చింది. సంస్థాన కాలంలో సంతలోనూ రాచకొలువు చుట్టూనూ నడిచింది ఇదే. ఓరుగల్లు పేరు చెప్పుకున్న రాజవంశం కూడా తెలుగును నిలుపుకోలేదు, చుట్టూ ఉన్న భాషలోకి మారిపోయింది. 2011 జనగణన ప్రకారం హల్బీ మాతృభాషగా ఉన్నవాళ్లు 7 లక్షల 66 వేలు. అవసరానికి మాట్లాడేవాళ్లు దీనికి అదనం. అదే లెక్కల్లో దేశం మొత్తం మీద గోండీ మాట్లాడేవాళ్లు సుమారు 29 లక్షల 84 వేలు, పర్జీ మాట్లాడేవాళ్లు 52 వేలు.

అవసరానికి హల్బీ మాట్లాడే జనానికి ఎవరూ పాఠం చెప్పలేదు. ఇప్పపువ్వు, చింతపండు గంపకెత్తుకుని వారపు సంతకు వచ్చిన మురియా మనిషికి ముందు కావాల్సింది అంకెలు, ఆ తర్వాత కొలతలు, ఆ తర్వాత 'తగ్గించు', 'చాలదు', 'రేపు ఇస్తా' లాంటి నాలుగు మాటలు. వ్యాపారి తీరు తెలుసుకున్నాక పలకరింపులు, వరుసలు వస్తాయి. వారానికోసారి అదే చోటు, అదే సరుకు, అవే మాటలు. భాషా బోధకులు ఇప్పుడు ఎడం ఇచ్చి మననం చేయించాలంటారే, ఆ పద్ధతి సంతలో దానంతటదే జరుగుతుంది. కొంత ఎడం ఇచ్చి మళ్లీ చదివితే జ్ఞాపకం గట్టిపడుతుందని జర్మన్ శాస్త్రవేత్త ఎబ్బింగ్‌హౌస్ 1885లోనే చూపించాడు. ఆ పేరు వినని బస్తర్ సంతలు తరాల తరబడి అదే పని చేస్తున్నాయి.

వయసు మీద మోపిన నేరం

మొక్కై వంగనిది మానై వంగునా అంటాం. భాష విషయంలో శాస్త్రం కూడా కొంతకాలం ఇదే మాట చెప్పింది. 1959లో పెన్‌ఫీల్డ్, రాబర్ట్స్, 1967లో లెన్నెబర్గ్ మెదడు ఎదుగుదలకూ భాషకూ ముడిపెట్టి, యుక్తవయసు దాటితే తలుపు మూసుకుంటుందన్నారు. తర్వాతి అరవై ఏళ్ల పరిశోధన ఆ తలుపును పూర్తిగా తెరవనూ లేదు, పూర్తిగా మూయనూ లేదు.

1978లో నెదర్లాండ్స్‌లో స్నో, హోఫ్నాగెల్-హోలె అనే ఇద్దరు పరిశోధకులు డచ్ భాష నేర్చుకుంటున్న ఇంగ్లీషు కుటుంబాలను గమనించారు. మొదటి నెలల్లో చిన్నపిల్లలే వెనకబడ్డారు, టీనేజి పిల్లలూ పెద్దలూ ముందున్నారు. 2018లో హార్ట్‌షోర్న్, టెనెన్‌బామ్, పింకర్ దాదాపు 6 లక్షల 70 వేల మందికి ఇంగ్లీషు వ్యాకరణ పరీక్ష పెట్టారు. వ్యాకరణం పట్టుకునే శక్తి 17 ఏళ్ల దాకా నిలిచి, ఆ తర్వాత తగ్గుతోందని తేల్చారు. ఆ తగ్గుదలకు మెదడే కారణమా, లేక చదువు ముగిసి ఉద్యోగంలో పడిన జీవితమా అన్నది వాళ్లూ తేల్చి చెప్పలేదు.

మొత్తం మీద ఏకాభిప్రాయం ఇది. ఉచ్చారణలో ఆ భాషలో పుట్టిపెరిగినవాళ్ల పక్కన నిలబడటం పెద్దలకు కష్టం. వ్యాకరణంలో కొంత వెలితి మిగలొచ్చు. మాటలు కూడబెట్టుకోవడానికీ, పని నడిపించుకోవడానికీ వయసు అడ్డం కాదు. అడ్డమయ్యేది సమయం. అమెరికా విదేశాంగ శాఖ శిక్షణ సంస్థ తన ఉద్యోగులకు తెలుగు నేర్పడానికి 44 వారాలు, 1,100 తరగతి గంటలు పెడుతుంది. ఆ ఉద్యోగులకు ఆ రోజుల్లో అదే పని, అదే జీతం. రోజుకు అరగంట దొరికే మనిషి ఆ గంటలు పూర్తిచేయాలంటే ఆరేళ్లు పడుతుంది. ఒక అధికారి ఒక జిల్లాలో అన్నాళ్లు ఉండటం అరుదు.

మెదడుకు లాభం మాట చెప్పాలంటే మన హైదరాబాదు పరిశోధన ఉంది. నిమ్స్ ఆస్పత్రిలో సువర్ణ అల్లాడి బృందం 648 మంది మతిమరుపు జబ్బు రోగులను పరిశీలించి 2013లో ఫలితాలు ప్రకటించింది. రెండు భాషలు వచ్చినవాళ్లకు ఆ జబ్బు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైంది. బడి మొహం చూడనివాళ్లలోనూ ఆ తేడా కనిపించింది. అది చదువు వల్ల వచ్చిన లాభం కాదని చెప్పడానికి ఇదే ఆధారం. ఇది ఒకే ఆస్పత్రికి వచ్చిన రోగుల లెక్క కనుక దీన్నే చివరి మాటగా తీసుకోకూడదు. అయినా సంతలో హల్బీ నేర్చుకున్న మనిషిని చదువురానివాడని తీసిపారేసేవాళ్లు చదవాల్సిన అధ్యయనం.

బయటివాళ్లు నేర్చిన గోండీ

బయటి నుంచి వచ్చి బస్తర్ భాషలు నేర్చుకున్నవాళ్లు లేకపోలేదు. 1913లో లిండ్ అనే మిషనరీ మాడియా మాటకు ఒక చేతిపుస్తకం రాశాడు. 1942లో జగదల్‌పూర్‌లో మిచెల్ రాసిన దండామి మాడియా వ్యాకరణం అచ్చయింది. భాషాశాస్త్రవేత్తలు బరో, భట్టాచార్య 1950-51 శీతాకాలంలో తిరిగి పర్జీని నమోదుచేశారు. 1953లో వాళ్ల పర్జీ పుస్తకం, 1960లో గోండీ మాండలికాల తులనాత్మక పదకోశం వెలువడ్డాయి. మన వైపు ఆదిలాబాదులో మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ 1940లలో మార్లవాయిలో కాపురముండి గోండీ నేర్చుకున్నాడు. 1943లో అక్కడే గోండు యువకులను ఉపాధ్యాయులుగా తయారుచేసే కేంద్రం మొదలైంది. గోండీ వాచకాలూ అచ్చయ్యాయి.

ఎక్కువమంది, ఎక్కువకాలం నేర్చుకున్నది మాత్రం పండితులు కాదు. 1980లో ఉత్తర తెలంగాణ నుంచి నక్సలైట్ పార్టీ పీపుల్స్‌వార్ దళాలు గోదావరి, ఇంద్రావతి దాటి బస్తర్‌లోకి వెళ్లాయి. వాటిలోని తెలుగు యువకులు ఇరవైల్లో, ముప్పైల్లో గోండీ మొదలుపెట్టి అందులోనే సభలు, పాటలు, తగాదాలు నడిపే స్థాయికి చేరారు. వాళ్ల రాజకీయాల మీద, హింస మీద ఎవరి అభిప్రాయం ఏదైనా, పెద్దవాళ్లకు భాష ఎలా వస్తుందన్న చర్చలో ఈ ఉదాహరణను పక్కనపెట్టలేం. భాష రాకపోతే తిండి లేదు, దాక్కునే చోటు లేదు. పగలూ రాత్రీ అదే మాట చెవిన పడుతుంది. తప్పు మాట్లాడితే నవ్వేవాళ్లే గాని మార్కులు తీసేవాళ్లు లేరు. పాఠ్యపుస్తకం ఇవ్వలేనివి ఈ మూడూ.

తెలుగువాళ్లకు ఇంకో వెసులుబాటు ఉంది. భద్రిరాజు కృష్ణమూర్తి వర్గీకరణలో తెలుగూ గోండీ ద్రావిడంలో ఒకే కొమ్మకు చెందినవి. గోండీలో రెండు రండ్, మూడు ముండ్, నాలుగు నాలుంగ్. విభక్తులు మాట వెనక అతకడం మనకు కొత్త కాదు. హిందీ మాట్లాడే రాయ్‌పూర్ ఉద్యోగికి కష్టమైన మెట్లు కొన్నింటిని తెలుగువాడు ఎక్కకుండానే దాటేస్తాడు.

ఈ దగ్గరతనమే కాలికి అడ్డంపడే చోటూ ఉంది. తెలుగులో ఒక్క ఆడమనిషైతే 'అది వచ్చింది' అని జంతువులు, వస్తువుల లెక్కలో (అమహత్తులో) కలుస్తుంది గాని, నలుగురైతే మగవాళ్లతో సమానంగా 'వాళ్లు వచ్చారు' అంటాం. గోండీలో ఏకవచనంలోనూ బహువచనంలోనూ గీత ఒకేచోట ఉంటుంది. మగవాళ్లు ఒకవైపు, తక్కినవన్నీ ఇంకోవైపు. నలుగురు ఆడవాళ్లు వచ్చారని తెలుగు లెక్కలో చెబితే వినేవాళ్లకు మగవాళ్లు వచ్చినట్టు వినిపిస్తుంది. ఇది పుస్తకంలో చదివితే అర్ధనిమిషం పని, నాలుకకు ఎక్కాలంటే నెలల పని. తెలిసిన నియమానికీ నోట పలికే మాటకూ మధ్య ఉన్న ఈ ఎడమే పెద్దవాళ్ల భాషాభ్యాసంలో అసలు చిక్కు. దాన్ని దాటడానికి వినడం ఒక్కటే చాలదని, తప్పో ఒప్పో నోరు తెరవాలని కెనడా పరిశోధకురాలు స్వెయిన్ 1985లో వాదించింది. ఏళ్ల తరబడి ఫ్రెంచ్ మాధ్యమంలో చదివి బాగా అర్థంచేసుకోగలిగిన పిల్లలు కూడా మాట్లాడేటప్పుడు తడబడటం చూసి ఆమె ఆ నిర్ణయానికి వచ్చింది.

ప్రభుత్వం పట్టిన అడ్డదారి

ఐఏఎస్‌కు ఎంపికైనవాళ్లకు ముస్సోరీలో తమ కేడర్ భాష నేర్పుతారు. ఛత్తీస్‌గఢ్ కేడర్ అయితే అది హిందీ. 2007 నవంబరు 28న ఛత్తీస్‌గఢీకి కూడా రాజభాష హోదా వచ్చింది. బీజాపూర్, సుక్మా లోపలి ఊళ్లలో పెద్దవాళ్లలో చాలామందికి ఈ రెండూ పరాయివే. గోండీకి ఆ హోదా లేదు, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోనూ చోటు లేదు.

నేర్చుకోవాల్సిన చోట ప్రభుత్వం మధ్యవర్తులను వెతుక్కుంది. కొన్నిచోట్ల అది మంచే చేసింది. 2002లో ఛత్తీస్‌గఢ్ మొదలుపెట్టిన మితానిన్ పథకంలో ఆరోగ్య కార్యకర్త అదే పల్లె ఆడమనిషి. రోగి మాట ఆమెకు తెలుసు, ఆస్పత్రి మాట ఆమె నేర్చుకుంది. దేశమంతటా ఆశా పథకం రాకముందు సంగతి ఇది. భద్రతా బలగాలూ అదే లెక్క వేశాయి. స్థానిక యువతీయువకులతో ఏర్పాటుచేసిన సీఆర్‌పీఎఫ్ 241వ బెటాలియన్ 2018లో శిక్షణ ముగించుకుంది. పేరే బస్తరియా బెటాలియన్. వేలమంది జవాన్లకు గోండీ నేర్పడం కంటే గోండీ వచ్చినవాళ్లకు తుపాకీ నేర్పడం సులువని ప్రభుత్వం తేల్చుకుందన్నమాట.

కోర్టులో ఈ అడ్డదారి పనిచేయదు. నిందితుడికి అర్థంకాని భాషలో సాక్ష్యం నమోదైతే అతనికి అర్థమయ్యే భాషలో వివరించాలని 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 279వ సెక్షన్ చెప్పింది. మరి పోలీసు రాసేది హిందీలో, వకీలు వాదించేది హిందీలో, నిందితుడికి వచ్చింది గోండీ. నడుమ నిలబడే దుబాసీ ఎవరు, అతనికి చట్టం మాటలు ఎవరు నేర్పారు, అతను తప్పు చెబితే పట్టుకునేదెవరు? ఏడు జిల్లాల్లో ఒక్క నిందితుడికి ఈ ప్రశ్నలకు జవాబు దొరకకపోయినా న్యాయం కుంటుపడినట్టే.

గోదావరి దాటినవాళ్ల తెలుగు

ఇటు తిరిగి చూస్తే కథ తారుమారవుతుంది. 2005 జూన్‌లో నక్సలైట్లకు వ్యతిరేకంగా ప్రభుత్వ అండతో సల్వాజుడుం మొదలయ్యాక బీజాపూర్, దంతెవాడ పల్లెల నుంచి వేల కుటుంబాలు తెలుగు నేలకు వచ్చాయి. స్వచ్ఛంద సంస్థల అంచనాలు 50 వేల దాకా చెబుతాయి. భద్రాద్రి కొత్తగూడెం, ములుగు, భూపాలపల్లి అడవుల్లోనూ, ఆంధ్రలో చింతూరు వైపూ గుడిసెలు వేసుకున్న వీళ్లను మనం గుత్తికోయలంటున్నాం. ఆ పేరు మనం పెట్టిందే. సుప్రీంకోర్టు 2011 జూలై 5న సల్వాజుడుం తరహా ఏర్పాట్లు చెల్లవని తీర్పిచ్చింది. అయినా చాలామంది తిరిగి వెళ్లలేదు. వీళ్లు కాక ఏటా మిరప కోతలకు వచ్చిపోయే కూలీలు వేరు.

ముప్పై, నలభై ఏళ్ల వయసులో వీళ్లు తెలుగు నేర్చుకున్నారు. బడి లేదు, పుస్తకం లేదు, చాలామందికి ఏ లిపీ రాదు. తమ మాటకు దగ్గరగా ఉండే స్థానిక కోయల మాట మొదటి మెట్టు, అక్కడి నుంచి తెలుగు. మేస్త్రి పిలుపు, కూలి లెక్క, రేషన్ దుకాణం, ఆర్‌ఎంపీ డాక్టరు, ఫారెస్టు గార్డు: ఇవే పాఠాలు.

ఇలా నేర్చుకున్న భాష ఎలా ఉంటుందో ఐరోపాలో లోతుగా చూశారు. 1980లలో క్లైన్, పెర్డ్యూ నడిపిన అధ్యయనం అయిదు దేశాల్లో 40 మంది వలస కూలీలను గమనించింది. ఏ దేశంవాళ్లు ఏ భాష నేర్చుకున్నా అందరూ ఒక దశలో ఒకే రకం పొదుపు భాషకు చేరారు. క్రియలకు కాలం, పురుష తేడాలుండవు. ఎవరు చేశారన్నది ముందు, ఏంచేశారన్నది తర్వాత. 'నిన్న', 'రేపు' లాంటి మాటలే కాలం చెబుతాయి. తెలుగులో అయితే 'నేను రేపు పని వచ్చుడు, పైసలు ఎంత' అన్నట్టుంటుంది. దాదాపు మూడోవంతు మంది అక్కడే ఆగిపోయారు. దాన్ని తెలివితక్కువతనం అనుకుంటే పొరపాటు. పని నడిచిపోతున్నప్పుడు, మాట్లాడే అవకాశమే పనిదాకా ఉన్నప్పుడు భాష ముందుకు జరగదు.

చదువురాని పెద్దల మీద అమెరికాలో టరోన్, బిగెలో, హాన్సెన్ చేసిన పని ఇంకో ముక్క చేరుస్తుంది. మినెసోటాలోని సోమాలీ శరణార్థులతో పనిచేసి 2009లో పుస్తకం వేశారు. అక్షరం వచ్చినవాళ్లు తమ వాక్యాన్ని ఎదుటివాళ్లు సరిచేస్తే దాన్ని మెరుగ్గా పట్టుకుని తిరిగి చెప్పగలిగారు. అక్షరం రానివాళ్లకు అర్థం అందింది గాని రూపంలోని సవరణ అంతగా అందలేదు. చదువుకున్న కాలేజీ కుర్రాళ్ల మీద పరీక్షలు చేసి మనుషులందరికీ వర్తింపజేసే భాషాశాస్త్రానికి ఇది చురక. గుత్తికోయలకు తెలుగు నేర్పాలనుకునే వయోజన విద్యా కేంద్రం ముందు నోటి మాటతో, వినిపించి, చేయించి మొదలుపెట్టాలి. 'అ, ఆ'లతో మొదలుపెడితే తెలియని భాషను తెలియని అక్షరాల్లో నేర్పినట్టవుతుంది.

పనిముట్లు ఉన్నాయి, పాఠం లేదు

ఇరవై ఏళ్ల కిందతో పోలిస్తే ఇప్పుడు సామగ్రి ఉంది. 2010లో శుభ్రాంశు చౌదరి మొదలుపెట్టిన సీజీనెట్ స్వర మామూలు ఫోన్లో గోండీ కబుర్లు చెప్పుకునే, వినే వీలు కల్పించింది. ఆరేడు రాష్ట్రాల గోండులు కూర్చుని ఉమ్మడి మాటలు ఎంచుకున్న ప్రామాణిక నిఘంటువు 2018లో వచ్చింది. మంగళ్‌సింగ్ మసారం 1918లో కూర్చిన గోండీ లిపికి 2017లో యూనికోడ్ దక్కింది. ఆదిలాబాద్ జిల్లా గుంజాల రాతప్రతుల్లో జయధీర్ తిరుమలరావు బృందం వెలుగులోకి తెచ్చిన లిపికి 2018లో దక్కింది. కేంద్ర గిరిజన మంత్రిత్వ శాఖ 2025లో తెచ్చిన ఆదివాణి అనువాద యాప్‌లో గోండీ ఉంది.

నిఘంటువు ఉంటే పాఠం ఉన్నట్టు కాదు, లిపి ఉంటే మాట వచ్చినట్టు కాదు. ప్రామాణిక గోండీ రాతకు, పత్రికకు పనికొస్తుంది. దంతెవాడలో పనిచేసే నర్సుకు దండామి మాడియా కావాలి, కోంటాలో పనిచేసేవారికి దోర్లా. అనువాద యాప్ ఒక వాక్యాన్ని దాటిస్తుందేమో గాని, భయపడిన తల్లి దగ్గర నమ్మకం కూడబెట్టలేదు. పెద్దవాళ్లకు పనికొచ్చే పాఠం చిన్నదిగా, ఒక్క పని చుట్టూ ఉండాలి. నర్సుకు నొప్పి, జ్వరం, విరేచనాలు, మందు ఎన్నిసార్లు అన్న వంద వాక్యాలు. టీచరుకు పిల్లల పేర్లు, పిలుపులు, లెక్కలు, ఆటలు. ఫారెస్టు గార్డుకు భూమి, చెట్టు, హద్దు. ఆ ఊరి గొంతులతో రికార్డు చేసి, సంతలో నెలరోజులు వాడితే అది వెయ్యి గంటల తరగతికి తొలి మెట్టవుతుంది. పాఠం చెప్పిన ఊరివాళ్లకు గౌరవవేతనం ఇవ్వాలి. వాళ్లు గురువులు.

తేలినది

ఇంతా చూశాక తేలేది సూటిగానే ఉంది. పెద్దయ్యాక భాష రాదన్నది బస్తర్‌లో నిలబడని మాట. సంతలో మురియా రైతూ, అడవిలో తెలుగు యువకుడూ, మిరప తోటలో గుత్తికోయ కూలీ నేర్చుకున్నారు. నేర్చుకోనిది అవసరం లేనివాళ్లు. అధికారం చేతిలో ఉన్నవాడికి ఎదుటివాడి భాష రాకపోయినా పని ఆగదు. ఆ ఖర్చు ఎదుటివాడే మోస్తాడు. కాబట్టి దీనికి మందు భాషాశాస్త్రంలో లేదు, సర్వీసు నిబంధనల్లో ఉంది. బస్తర్‌లో పోస్టింగైన ప్రతి ఉద్యోగికీ మొదటి ఆరునెలల్లో ఆ ప్రాంతపు మాటలో మౌఖిక పరీక్ష, పాసైనవాళ్లకు ఇంక్రిమెంటు, ప్రతి జిల్లా కోర్టులో శిక్షణ, జీతం ఉన్న గోండీ, హల్బీ దుబాసీలు కావాలి. వీటికి కొత్త పరిశోధన అవసరం లేదు.

బస్తర్‌కు చెప్పే నీతి మనకూ వర్తిస్తుంది. భద్రాచలం, ఏటూరునాగారం, చింతూరు ఏజెన్సీల్లో పనిచేసే టీచర్లు, ఏఎన్ఎంలు, అంగన్‌వాడీ కార్యకర్తలు, కోతలకు కూలీలను పిలిపించుకునే రైతులు ఈ సీజనులోనే ఒక పని చేయొచ్చు. మీ దగ్గరికి వచ్చేవాళ్లను అడిగి, వాళ్ల మాటలో వంద వాక్యాలు రాసుకుని, రోజూ వాడండి. వాళ్లు మన తెలుగు నేర్చుకుని ఇరవై ఏళ్లు దాటుతోంది. ఇప్పుడు వంతు మనది.